అడల్ట్స్ ఓన్లీ రిసార్ట్‌కి హనీమూన్: అమ్మ భయం, ఆగస్టు వానలు, మాల్దీవుల బిల్లు

ప్రశ్న: మాది నెల్లూరు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. ఆగస్టు చివర్లో, శ్రావణంలో నా పెళ్లి. పెద్దలు కుదిర్చిన సంబంధం. ఆయన వైట్‌ఫీల్డ్‌లో పని చేస్తారు. పెళ్లయిన మూడో రోజే మాల్దీవులకి వెళ్లాలని, అడల్ట్స్ ఓన్లీ రిసార్ట్‌లో నీళ్ల మీద కట్టిన విల్లా తీసుకోవాలని ఆయన ఆశ. నాలుగు రాత్రులు. ఇద్దరికీ కలిపి మూడున్నర లక్షలు దాటకూడదనుకున్నాం. ఈ వారంలో అడ్వాన్స్ కట్టకపోతే ఆఫర్ పోతుందని ట్రావెల్ ఏజెన్సీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు. నాకు ఈత రాదు, లోతు నీళ్లంటే భయం. పైగా శాకాహారిని. భయం సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. మా అమ్మేమో రిసార్ట్ పేరు కింద ఉన్న మాట చూసి, "అడల్ట్స్ ఓన్లీ ఏంటే? అలాంటి చోటికి కొత్త పెళ్లికూతుర్ని తీసుకెళ్తారా?" అని బాధపడుతోంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం:

ముందు మీ అమ్మగారి బెంగ తీరుద్దాం, అది తేలిక. మనకి 'అడల్ట్స్ ఓన్లీ' అనగానే 'ఎ' (A) సర్టిఫికెట్ సినిమా గుర్తొస్తుంది. ఆవిడ కంగారు పడటంలో వింతేమీ లేదు. హోటళ్ల లెక్కలో ఆ మాటకి అర్థం ఒక్కటే: పిల్లల్ని తీసుకురానివ్వరు. ఆ వయసు హద్దు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. మాల్దీవుల్లో హురవల్హి రిసార్ట్ 15 ఏళ్లు దాటిన వాళ్లని రానిస్తుంది, ఓబ్లు సెలెక్ట్ లోబిగిలిలో 18 నిండాలి. కరీబియన్ దీవుల్లో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. జమైకాలోని మాంటెగో బేలో 1981లో మొదలైన శాండల్స్ రిసార్ట్‌లు జంటల కోసమే నడుస్తూ పేరు తెచ్చుకున్నాయి. అయితే జమైకా, మెక్సికోల్లో బట్టలు వేసుకోవడం మీ ఇష్టం అనే రిసార్ట్‌లు కూడా కొన్ని ఉన్నాయి. అవి కూడా అడల్ట్స్ ఓన్లీ అనే చెప్పుకుంటాయి. అందుకని మీ అమ్మగారి అనుమానాన్ని తీసిపారెయ్యకండి. మాల్దీవులు మాత్రం ముస్లిం దేశం. బట్టల్లేకుండా తిరగడం, ఆడవాళ్లు పైబట్ట లేకుండా బీచ్‌లో ఉండటం అక్కడ చట్టప్రకారం నిషేధం, రిసార్ట్‌లకీ అదే నియమం. "పిల్లల్ని రానివ్వని హోటల్ అమ్మా, అంతే" అని చెప్పి, ఆ చట్టం సంగతి కూడా చెప్పండి. ఆవిడ మనసు కుదుటపడుతుంది.

అసలు మీరు ఆలోచించాల్సింది నెల గురించి.

మాల్దీవుల్లో సుమారు మే నుంచి నవంబర్ దాకా నైరుతి రుతుపవనాల కాలం. అక్కడివాళ్లు హుల్హంగు అంటారు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఇరువై, అంటే ఈశాన్య గాలుల పొడి కాలం. ఆగస్టు, సెప్టెంబర్‌లలో వెళ్తే నాలుగు రోజులూ ఎండ కాసే అదృష్టం ఉండొచ్చు, నాలుగు రోజులూ ఈదురుగాలి, ముసురు కూడా ఉండొచ్చు. మీ ఏజెన్సీ చెప్పే ఆఫర్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. వానాకాలపు రేటునే వాళ్లు మీకోసం తగ్గించిన రేటుగా చెబుతున్నారు. వాన పడ్డా పర్వాలేదు, గదిలోనే ఉంటాం అనుకునే జంటలకి అది మంచి బేరమే. నీళ్లంటే భయపడే అమ్మాయిని, కింద అలలు కొట్టుకుంటూ ఉండే గదిలో, గాలివాన రాత్రి ఊహించుకుంటే నాకు మాత్రం వెళ్లమని చెప్పబుద్ధి కావడం లేదు.

ఇంకో సంగతి. పెళ్లయిన మూడో రోజంటే సత్యనారాయణ వ్రతం, మనుగుడుపులు, చుట్టాల రాకపోకలు. నిద్ర లేక కళ్లు మండుతూ ఉంటాయి. నెల్లూరు నుంచి బెంగళూరు రావాలి, అక్కడి నుంచి విమానం పట్టుకోవాలి. పైగా శ్రావణంలో పెళ్లంటే మిగిలిన మంగళవారాలు మంగళగౌరీ వ్రతం చేయిస్తామని రెండు వైపులా అంటారు. మొదటి ఏడు కాబట్టి గట్టిగానే అడుగుతారు. ఆ తర్వాత మొదటి దసరా, మొదటి దీపావళి మీ పుట్టింట్లో. అవన్నీ అయ్యాక, డిసెంబర్ మొదటి రెండు వారాల్లో ప్రయాణం పెట్టుకోండి. అదే నా గట్టి సలహా. అప్పటికి గాలి తిరుగుతుంది, ఆకాశం తేటపడుతుంది, క్రిస్మస్ రేట్లు ఇంకా మొదలవ్వవు. డిసెంబర్ 20 దాటితే మాత్రం ఏడాది మొత్తంలోకెల్లా ఖరీదైన రోజులు. చాలా రిసార్ట్‌లు క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రుల విందుకి విడిగా వందల డాలర్లు వేస్తాయి, తిన్నా తినకపోయినా కట్టాల్సిందే.

ఇలా చేస్తే ఇంకో మేలుంది. ఆగస్టులో యూరప్ బడులకి వేసవి సెలవులు, కాబట్టి మామూలు రిసార్ట్‌ల నిండా పిల్లలుంటారు. డిసెంబర్ మొదట్లో బడులు నడుస్తుంటాయి. అడల్ట్స్ ఓన్లీ అనే ముద్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టకుండానే ప్రశాంతమైన దీవి దొరకొచ్చు. అప్పుడు మీకు ఎంపిక కూడా పెరుగుతుంది.

పెళ్లయిన వెంటనే ఎక్కడికో వెళ్లకపోతే ఆయనకి వెలితిగా ఉంటుందేమో. రెండు రాత్రులు పాండిచ్చేరి వెళ్లి రండి. రాక్ బీచ్ మీద నడవండి, ఫ్రెంచి వీధుల్లో కాఫీ తాగండి, నిద్రపోండి. చాలు. సెలవు ఆగస్టులోనే తప్ప దొరకదంటే మాల్దీవులు వదిలేసి బాలీ చూడండి. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం, ఉబుద్ వైపు పెద్దలకి మాత్రమే ఇచ్చే చిన్న విల్లాలు దొరుకుతాయి. మారిషస్ అయితే ఆగస్టు వాళ్లకి చలికాలం. నీళ్లు చల్లగా ఉంటాయి, తూర్పు తీరంలో గాలి ఎక్కువ, పడమటి తీరం నయం. అక్కడ విక్టోరియా బీచ్‌కాంబర్‌లో పెద్దల కోసమే విడిగా ఒక భాగం ఉంది. శాకాహారికి మారిషస్ చాలా సుఖం, పప్పు కూరిన ధోల్ పూరీ వీధి వీధినా అమ్ముతారు. మన ఆంధ్ర తీరం నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటలకి కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి అక్కడ ఉంది. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. నాకైతే ఆ ఒక్క కారణానికే ఆ దీవి చూడాలనిపిస్తుంది.

ఇక డబ్బు. మాల్దీవుల రిసార్ట్ రేటు చూసి మనవాళ్లు మోసపోయేది ఇక్కడే, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. గది రాత్రికి 300 డాలర్లు అని, పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయనుకోండి. ఆ గుర్తులకి అర్థం సర్వీస్ చార్జి, పన్ను విడిగా అని. సర్వీస్ చార్జి 10 శాతం కలిపితే 330. దాని మీద పర్యాటక జీఎస్టీ, 2025 జూలై నుంచి 17 శాతం. 386 అయింది. గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి రిసార్ట్‌లలో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి 24. అంటే 300 అన్న గది 410 అయింది. నాలుగు రాత్రులకి 1,640. ఇంకా మీరు దీవికి చేరనే లేదు.

చేరడానికి దారి మూడు రకాలు. స్పీడ్‌బోటు, నీళ్ల మీద దిగే చిన్న విమానం సీప్లేన్, లేదా దేశీయ విమానం దిగి మళ్లీ బోటు. రాజధాని మాలె పక్కనున్న వెలానా విమానాశ్రయం నుంచి దూరపు దీవులకి సీప్లేన్‌లో రానుపోను మనిషికి 400 నుంచి 600 డాలర్ల దాకా అవుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. 500 అనుకుంటే ఇద్దరికీ వెయ్యి. ఇప్పుడు మొత్తం 2,640 డాలర్లు. డాలర్ 90 రూపాయలనుకుంటే 2,37,600. దీనికి బెంగళూరు నుంచి విమానం టికెట్లు, ప్యాకేజీలో లేని భోజనాలు కలపండి. మూడున్నర లక్షల అంచుకి వచ్చేస్తారు. అదీ 300 డాలర్ల గదికి. పేరున్న అడల్ట్స్ ఓన్లీ రిసార్ట్‌లో నీళ్ల మీద విల్లా ఆ రేటుకి దొరకడం కష్టం. ఏజెన్సీ చెప్పిన మొత్తంలో వీటిలో ఏవేవి కలిపారో అడగండి.

సీప్లేన్ గురించి ఇంకాస్త చెప్పాలి. అది పగటి వెలుగులోనే ఎగురుతుంది. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటాక దిగితే ఆ రోజు సీప్లేన్ దొరకడం అనుమానమే. చెన్నై నుంచి వెళ్లిన మా బంధువుల జంట సాయంత్రం దిగి, మొదటి రాత్రి విమానాశ్రయం దగ్గర హుల్హుమాలెలో చిన్న గదిలో గడిపారు. రిసార్ట్‌లో ఆ రాత్రికి కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. సామాను కూడా మామూలుగా మనిషికి 20 కిలోలే, చేతి సంచి 5 కిలోలు, మించితే అదనంగా వసూలు చేస్తారు. అందుకే మీలాంటి నాలుగు రాత్రుల ప్రయాణానికి నేను స్పీడ్‌బోటు దూరంలో ఉన్న దీవినే ఎంచుకోమంటాను. పైన చెప్పిన లోబిగిలి రిసార్ట్ విమానాశ్రయం నుంచి బోటులో పావుగంటే. పైనుంచి పగడపు దీవులు చూసే ఆనందం సీప్లేన్‌లోనే ఉంది, కాదనను. కానీ దానికి పెట్టే డబ్బుతో మీరు ఇంకో రాత్రి ఉండొచ్చు. ఏ బోటయినా లైఫ్ జాకెట్ ఇస్తారు, అడిగి ముందే వేసుకోండి.

నీళ్ల విల్లా సంగతికొద్దాం. గది వెనక చెక్క అరుగు, అక్కడి నుంచి నిచ్చెన నేరుగా సముద్రంలోకి దిగుతుంది. ఈత వచ్చినవాళ్లకి స్వర్గమే. మీలాంటివాళ్లు ఆ అరుగు మీద కూర్చుని ఆయన ఈదుతుంటే చూస్తూ ఉండాలి. బీచ్ విల్లా అయితే గుమ్మం దిగగానే ఇసుక, మోకాలి లోతు నీళ్లలో మీ ఇష్టమొచ్చినంతసేపు నిలబడొచ్చు. ధర కూడా సాధారణంగా తక్కువే. మూడు రాత్రులు బీచ్ విల్లా, చివరి ఒక్క రాత్రి నీళ్ల విల్లా ఇవ్వమని అడగండి, చాలా రిసార్ట్‌లు ఒప్పుకుంటాయి. ఆయన ఆశా తీరుతుంది, అప్పటికి మీకూ నీళ్లు అలవాటవుతాయి. డిసెంబర్ దాకా నెలలున్నాయి కాబట్టి బెంగళూరులో ఆడవాళ్ల బ్యాచ్ ఉన్న ఈతకొలనులో చేరండి. కనీసం నీళ్ల మీద తేలడం, మొహం ముంచి ఊపిరి బిగపట్టడం వస్తే చాలు, లైఫ్ జాకెట్ వేసుకుని స్నార్కెలింగ్ చేసి పగడాల మధ్య చేపల్ని చూడొచ్చు. ఆయన వీపున సిలిండర్ కట్టుకుని లోతుకి దిగే స్కూబా డైవింగ్ చేస్తానంటే మాత్రం విమానానికి ముందు 18 గంటల విరామం ఉండాలి, అంటే చివరి రోజు డైవింగ్ పెట్టుకోకూడదు.

భోజనం: ఆ దేశపు వంటంతా చేప. ఎండబెట్టిన చేపపొడి కొన్ని కూరల్లో కనిపించకుండా కలిసిపోతుంది. చేప, రొయ్య, గుడ్డు కూడా తినరని బుకింగ్‌లోనే రాయించండి, దిగగానే వంటగది వాళ్లతో ఒకసారి మాట్లాడండి. రిసార్ట్‌లలో మన దేశపు వంటవాళ్లు చాలామంది ఉంటారు, పప్పు అన్నం అడిగితే చేసిపెడతారు. ప్యాకేజీ మూడు పూటలా ఉండేలా తీసుకోండి. దీవిలో ఉన్నది ఆ ఒక్క రిసార్టే, బయటికెళ్లి తినడానికి ఇంకో చోటుండదు.

మన పెళ్లిళ్ల వాళ్లకి ఎవరూ చెప్పని జాగ్రత్త ఒకటుంది. పూజకి వాడే విగ్రహాలు మాల్దీవుల్లోకి తీసుకెళ్లడం నిషేధం. పెళ్లిలో ఎవరో ఇచ్చిన చిన్న వినాయకుడు సూట్‌కేసులో ఉండిపోకుండా చూసుకోండి. మద్యం కూడా బయటి నుంచి తీసుకెళ్లకూడదు, డ్యూటీ ఫ్రీలో కొన్నదైనా సరే. రిసార్ట్ లోపల అమ్ముతారు. బంగారం సంగతి వేరే చెప్పాలా? నల్లపూసలు చాలు, మిగతావి అమ్మ దగ్గర వదిలేయండి.

కాగితాల పని పెద్దదేమీ లేదు. మాల్దీవుల్లో మనవాళ్లకి వీసా దిగాక ఉచితంగానే ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల ఇముగా అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, అదీ ఉచితమే. డబ్బడిగే సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఇంటిపేరు ఇంటిపేరు చోట, మీ పేరు మీ పేరు చోట. పెళ్లయిందని ఇప్పటికిప్పుడు పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్పించే పని పెట్టుకోకండి, పుట్టింటి ఇంటిపేరుతో నిక్షేపంగా వెళ్లి రావచ్చు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలైనా మిగిలుంటే మంచిది.

ఏజెన్సీకి ఈ వారం డబ్బు కట్టకండి. రేటులో పన్నులు, గ్రీన్ ట్యాక్స్, బోటు చార్జీ, భోజనం ఏవేవి ఉన్నాయో, తేదీ మార్చుకుంటే ఎంత కోస్తారో, వద్దనుకుంటే ఎంత తిరిగిస్తారో మెయిల్‌లో రాసిమ్మనండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. అదే తేదీలకి రిసార్ట్ సొంత సైట్‌లో రేటు చూసి పోల్చండి. హనీమూన్ అని రాస్తే చాలా రిసార్ట్‌లు కేకో, ఒక రాత్రి విందో ఉచితంగా ఇస్తాయి, కొన్ని పెళ్లి సర్టిఫికెట్ అడుగుతాయి. విదేశీ ప్యాకేజీ మీద ఇక్కడి ఏజెన్సీ టీసీఎస్ అని ముందస్తు పన్ను వసూలు చేస్తుంది. అది ఖర్చు కాదు, ఎవరి పాన్ మీద కట్టారో వాళ్ల ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది. రిసార్ట్‌లో డాలర్లలో కార్డు గీకితే బ్యాంకు మార్కప్ అని సాధారణంగా రెండు నుంచి మూడున్నర శాతం అదనంగా పడుతుంది, అదీ లెక్కలో వేసుకోండి.

మీరు అడగలేదు గానీ ఒక మాట చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. పెళ్లికీ వ్రతానికీ నెలసరి అడ్డు రాకూడదని మన ఇళ్లలో పెళ్లికూతురికి మాత్రలు వేయిస్తారు, ఆపైన హనీమూన్ దాకా పొడిగిస్తారు. మందుల షాపులో కొని మీ అంతట మీరు వేసుకోకండి. గైనకాలజిస్టుని ముందే కలవండి. మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నా తప్పకుండా చెప్పండి. పిల్లలు ఎప్పుడు కావాలి, అప్పటిదాకా ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నది కూడా ఆ గదిలోనే మాట్లాడొచ్చు, వీలైతే ఆయన్ని కూడా రమ్మనండి. ప్రయాణం డిసెంబర్‌కి జరిపితే ఈ మాత్రల అవసరం చాలావరకు ఉండదు, ఇద్దరి తేదీలూ చూసుకునే టికెట్ తీసుకోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపింది 'ఆయనకి ఇంకా చెప్పలేదు' అన్న వాక్యం. కొన్ని నెలలుగా ఫోన్‌లో మాట్లాడుకుంటున్న ఇద్దరు, చుట్టూ సముద్రం తప్ప ఏమీ లేని దీవిలో, పిల్లలు కూడా కనిపించని చోట నాలుగు రోజులు ఉండబోతున్నారు. అక్కడ కాలక్షేపం మీకు మీరే. ఒకరికి ఒంటరిగా నడవాలనిపిస్తే, ఒకరికి పగలు నిద్ర కావాలనిపిస్తే, ఒకరు దగ్గరితనానికి ఇంకా సిద్ధంగా లేకపోతే, ఆ మాట చెప్పగలిగే చనువు అక్కడికి వెళ్లేలోపే ఏర్పడాలి. ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కాబట్టి ఇలాగే ఉండాలి అన్న ఒత్తిడి ఇద్దరి మీదా పడనివ్వకండి. మీకు ఇష్టం లేనిది ఏదైనా ఆగమని చెప్పే హక్కు మీకుంది, అది పెళ్లితో పోదు. ఆయనకీ అంతే.

నీళ్ల భయం చెప్పడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ ఆదివారం కబ్బన్ పార్కులోనో, మీ ఇద్దరి ఇళ్లకీ మధ్యలో ఏదైనా దర్శిని టిఫిన్ హోటల్లోనో కలవండి. ముందు అది చెప్పండి. ఆయన నవ్వేస్తారని భయపడకండి, ఆయనకి కూడా మీతో చెప్పని భయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది, అడగండి. ఆ తర్వాత డిసెంబర్ మాట, బీచ్ విల్లా మాట ఎత్తండి. పై లెక్క కాగితం మీద వేసి పట్టుకెళ్లండి. ఆయన ఒప్పుకుంటే అక్కడే కూర్చుని ఇద్దరూ కలిసి ఏజెన్సీకి మెయిల్ రాయండి. ఒప్పుకోకపోతే ఆయన ఎందుకంత పట్టుబడుతున్నారో పూర్తిగా విని, నాకు మళ్లీ రాయండి.